కత్తెరమ్మ వెనక చక్రం

కత్తెరమ్మ సైకిల్‌కు గంట లేదు. ఉండాల్సిన పనీ లేదు. హ్యాండిల్‌కు వేలాడే నీళ్ల డబ్బా, కడ్డీ మీద బిగించిన సానరాయి, వెనక పెట్టెలో ఆకురాళ్లు, ఇవన్నీ కలిసి చేసే గోలకి వీధి మొదట్లోనే కుక్కలు లేచి పక్కకు తప్పుకునేవి. ఆ గోల చెవిన పడగానే ఇళ్లల్లోవాళ్లు తెగని కత్తులు వెతుక్కునేవాళ్లు. అసలు పేరు పెట్టి ఎవరైనా పిలిస్తే ఆమె కూడా ఇంకెవరినో అనుకుని వెనక్కి తిరిగి చూసేది.

“సానరాయి మా నాన్నది, సైకిల్ మా తమ్ముడిది, మొండితనం ఒక్కటే ఆవిడ పుట్టింటి నుంచి తెచ్చుకుంది” అని వదిన చెప్పేది, ఎవరడిగినా, అడక్కపోయినా. ఆ వదిన కత్తెరమ్మ మొగుడికి అక్క. ఆయన పోయాక ఆ ఇంట్లో మిగిలింది ఈ వదినామరదళ్లే. పొద్దున లేచింది మొదలు ఒకరినొకరు దెప్పుకోకపోతే తోచదు, ఒకరు లేకుండా ఇంకొకరికి ముద్ద దిగదు.

ఆ సైకిల్ సంగతి కాస్త చెప్పుకోవాలి. చక్రం నడుమ ఉండే ఇనుప గుబ్బను హబ్ అంటారు కదా, పుల్లలన్నీ అందులోంచే బయల్దేరతాయి, చైను పట్టే పళ్లచక్రం దాని మీదే కూర్చుంటుంది. మామూలు సైకిళ్లకి తొక్కితే ఆ పళ్లచక్రం పట్టుకుంటుంది, మానేస్తే వదిలేస్తుంది. దిగుడులో కాళ్లు కదపకుండా ఊరికే కూర్చోవచ్చు. కత్తెరమ్మది ఆ రకం కాదు. చక్రం తిరిగినంతసేపూ పెడళ్లు తిరగాల్సిందే, పెడళ్లు ఆపితే చక్రం ఆగాల్సిందే. ఇంట్లో దానికి మొండి హబ్ అని పేరు.

సాన పట్టేటప్పుడు ఆమె స్టాండు వేసి చక్రాన్ని గాల్లోకి లేపేది. పుల్లలకు ఎడమవైపు కట్టిన సన్నటి రిమ్ము ఒకటుండేది. దాని మీంచి తోలుపట్టా తీసుకొచ్చి రాయికి తగిలించి, సీటెక్కి తొక్కేది. చక్రంతో పాటు రాయీ తిరిగేది. అంచు వెంట గీసుకుంటూ కత్తెర కొస దాకా వచ్చేసరికి కాళ్లు బిగబట్టేది. రాయి అక్కడికక్కడే నిలబడేది. ఆ కొసలోనే ఉంది విద్యంతా. ఒక్క చుట్టు ఎక్కువైందంటే కొస అరిగి గుండ్రంగా తేలుతుంది.

“పదును పెట్టేది కాళ్లే. చేతులు ఊరికే పట్టుకుంటాయి, పెళ్లికెళ్లిన చుట్టాల్లాగా” అనేది కత్తెరమ్మ. “అందులోనూ కత్తెరలకైతే రాయిని వెనక్కి కూడా తిప్పాలి. అందుకే నాకు మొండి హబ్ తప్ప ఇంకోటి పనికిరాదు.” ఈ మాట ఎన్నిసార్లు చెప్పిందో, విని విని వీధివీధంతా నమ్మేసింది.

అంతా బాగానే ఉండును, మధ్యలో ఆ గుట్ట లేకపోతే. గుట్టకి ఇవతల ఇల్లు, అవతల దర్జీల వీధి. ఎక్కేటప్పుడు దిగి నెట్టుకుపోవడమే, అందులో నామోషీ లేదు. దిగేటప్పుడే వచ్చింది తంటా. బరువు సైకిల్ లాక్కుపోతుంటే పెడళ్లు గిర్రున తిరిగేవి, వాటితో పాటు ఆమె మోకాళ్లూ తిరిగేవి. వయసులో ఉన్నప్పుడు అదో సరదా. ఇప్పుడు కుడి మోకాలు సాయంత్రానికి ఉడికించిన దుంపలా ఉబ్బేది. వదిన వేడినీళ్ల గుడ్డ వేస్తూ, “తిరిగే కాలూ తిట్టే నోరూ ఊరుకోవంటారు. నీకు రెండూ ఉన్నాయే తల్లీ” అనేది.

ఒకరోజు దర్జీల వీధి నుంచి తిరిగొస్తుంటే, గుట్ట దిగి మలుపు దగ్గరికి వచ్చేసరికి వెనక టంగుమని మోత వినిపించింది. వెనువెంటనే ఇంకోటి. చక్రం తాగుబోతులా ఊగడం మొదలెట్టింది. చేతి బ్రేకు వేసి దిగి చూస్తే, పుల్లలు దూర్చే హబ్ చెవి పగిలి, అవి ఊడి వేలాడుతున్నాయి. హ్యాండిల్ పట్టుకుని ఎలాగోలా ఈడ్చుకుంటూ అల్లుడి కొట్టుకి చేరింది.

అల్లుడిది సైకిళ్లు బాగుచేసే కొట్టు, కత్తెరమ్మ ఇంటికి రెండు వీధుల అవతల. నెమ్మదస్తుడు. మాట కూడా నూనె వేసి వదులుతాడు. చక్రాన్ని ఊడదీసి, దీపం కింద అటూ ఇటూ తిప్పి, ఆ పగుల్ని బొటనవేలితో తడిమి చూశాడు.

“ఏంటి నాయనా, నాడి చూసే డాక్టర్‌లా ఆ మొహం?” అంది కత్తెరమ్మ.

“ఇది గుట్ట మధ్యలో విరిగుంటే ఏమయ్యేది అత్తయ్యా?”

“విరగలేదుగా.”

“అదే, విరిగుంటే అంటున్నా.”

“మీసాలుంటే మా అమ్మ మా నాన్న అయ్యుండేది. ముందు బాగుచెయ్యి.”

బాగయ్యేది కాదన్నాడు అల్లుడు. ఆ మొండి రకం ఇప్పుడు దొరకడమూ కష్టమే, దొరికినా మీ మోకాలికి మంచిది కాదన్నాడు. అక్కడితో ఆగి గుడ్డతో చేతులు తుడుచుకుంటూ, ఎప్పటినుంచో మనసులో నానబెట్టిన మాట బయటపెట్టాడు. కొట్టు ముందర మూల ఖాళీగా ఉంది. కరెంటు మోటారుతో నడిచే సానరాయి ఒకటి పెడతాను. కుర్చీ వేస్తాను. నీడపట్టున కూర్చుని సాన పట్టుకోండి. ఇక ఆ గుట్టా వద్దు, ఈ అవస్థా వద్దు.

కూతురు పక్కనే ఉంది. ట్యూబుకి అతుకు వేస్తూ, “అమ్మా, ఆయన చెప్పేది నీ మంచికే” అంది తలెత్తకుండా.

“మరి దర్జీల సంగతో?”

“వాళ్లే ఇక్కడికొస్తారు.”

“రారే. బడులు తెరిచే రోజులు దగ్గరపడుతున్నాయి. పిల్లల బట్టలు కుట్టే రోజుల్లో దర్జీ మిషను మీంచి లేస్తాడా? గుట్టెక్కి కత్తెర పట్టుకొస్తాడా? నేను పోకపోతే ఇంకెవరినో పిలుచుకుంటారు. ఒకసారి పిలిస్తే ఇక వాళ్లే. ఆ వీధి పోతే నాకు మిగిలేవి మన వీధి ఉల్లిపాయల కత్తులే.”

ఆ మాట అంటున్నప్పుడు ఆమె గొంతు కొంచెం తగ్గింది. దర్జీల వీధంటే ఆమెకు బేరమొక్కటే కాదు. అక్కడ ప్రతి గుమ్మంలోనూ ఆమెకు ఒక స్టూలుంది, ఒక టీ ఉంది, కిందటి వారం సగంలో ఆపిన ఒక కబురుంది. ఎవరి కోడలు అలిగిందో, ఎవరి చెయ్యి వణుకుతోందో కత్తెర చూసి చెప్పగలదు. అదంతా వదిలేసి మూలన మోటారు ముందు కూర్చోమంటే, కాళ్లు తీసి కిందపెట్టమన్నట్టే ఉంది.

“గుట్టకీ రాయికీ రెండిటికీ పనికొచ్చే హబ్ చూడు అల్లుడూ. దొరక్కపోతే అప్పుడు కూర్చుంటాను నీ మూలన. మాటంటే మాటే.”

మొదట మామూలు హబ్ వేశాడు అల్లుడు. మానితే వదిలేసే రకం. వదిన దానికి సోమరి హబ్ అని పేరు పెట్టింది, తొక్కకుండా కూర్చుంటే టికటికమంటూ ఉంటుందని. “పనిచేయనప్పుడే దీని నోరు లేస్తుంది, అచ్చం మా రెండో ఆడపడుచు లాగా!”

మర్నాడు కత్తెరమ్మ గుట్ట పైకి నెట్టుకెళ్లి, సీటెక్కి, ఒక్క తొక్కు తొక్కి కాళ్లు నిలబెట్టింది. అంతే! సైకిల్ తనంతట తానే పోతోంది. కాళ్లు కదలక్కర్లేదు. గాలి మొహానికి చల్లగా కొడుతోంది, వెనక టికటికమని తాళం. రాణీగారు పల్లకిలో పోతున్నట్టు దిగింది గుట్ట. ఇన్నేళ్లూ లోకమంతా ఇంత సుఖంగా దిగుతోందా, నాకొక్కదానికే ఎవరూ చెప్పలేదే అనుకుంది. ఎవరూ లేని చోట కాళ్లు రెండూ చాచి కూడా చూసుకుంది.

దర్జీల వీధిలో మొదటి కొట్టు పెద్ద దర్జీది. కోట్లు కుట్టే మనిషి, మాట కరుకు, చెయ్యి మెత్తన. ఆయన దగ్గర ఒక పెద్ద కత్తెర ఉంది, మోచేయంత. దాన్ని ఇంకెవరి చేతికీ ఇవ్వడు, కత్తెరమ్మకి తప్ప.

“రా అక్కా, నీ కోసమే చూస్తున్నా. గుడ్డ నములుతోందిది, కొయ్యట్లేదు” అంటూ చేతికిచ్చాడు.

కత్తెరమ్మ స్టాండు వేసింది, పట్టా తగిలించింది, తొక్కుతూ అంచు వెంట గీసుకుంటూ కొస దాకా వచ్చింది. ఎప్పట్లాగే కాళ్లు బిగబట్టింది. పెడళ్లు ఉత్తినే వెనక్కి జారాయి. రాయి ఆగలేదు. చక్రం తన మానాన తాను తిరుగుతూనే ఉంది, రాయీ తిరుగుతూనే ఉంది. కత్తెర లాక్కునే లోపల జరగాల్సింది జరిగిపోయింది. సూదిలా ఉండాల్సిన కొస వేలి చివరలా గుండ్రంగా తేలింది.

దర్జీ దాన్ని వెలుతురులోకి ఎత్తి చూశాడు.

“అక్కా, నేనిచ్చింది కత్తెర. నువ్విచ్చింది చెంచా.”

“తమ్ముడూ, హబ్ కొత్తది...”

“హబ్బో గిబ్బో, నాకేం తెలుస్తుంది? జేబు మూల కత్తిరించాలంటే నాకు కొస కావాలి. నీకేమైనా ఒంట్లో బాగాలేదా? చెయ్యి వణుకుతోందా?”

ఆ ప్రశ్న చెంపదెబ్బ కంటే గట్టిగా తగిలింది. ఎవరి చెయ్యి వణుకుతోందో కనిపెట్టే మనిషి ఆమె. ఈరోజు ఆమె చేతినే చూస్తున్నారు. గుమ్మంలోనే కూర్చుని, ఆకురాయితో చేత్తోనే అరగదీసి అరగదీసి, కొసను కాస్త దారికి తెచ్చి ఇచ్చింది. పక్క కొట్టువాళ్లు ఆ రోజు కత్తెరలు బయటికి తీయలేదు. మర్యాదకి టీ మాత్రం ఇచ్చారు.

ఇంటికొచ్చాక వదిన అడిగింది, “సోమరిది ఎలా ఉంది?”

“దిగడానికి స్వర్గం, పనికి నరకం” అంది కత్తెరమ్మ, మంచం మీద కూలబడి.

ఈసారి కూతురు రంగంలోకి దిగింది. వాళ్లనీ వీళ్లనీ అడిగి, ఎక్కడెక్కడో వెతికించి ఒక కొత్త రకం తెప్పించింది. దానికి రెండు పక్కలా పళ్లచక్రాలు పడతాయి. ఒక పక్క మొండిది, ఒక పక్క సోమరిది. ఏది కావాలంటే అది చైను వైపుకి వచ్చేలా చక్రాన్ని ఊడదీసి తిప్పి బిగించుకోవడమే. గుట్ట దిగేటప్పుడు సోమరి పక్క, సాన పట్టేటప్పుడు మొండి పక్క. విన్నవాళ్లంతా చప్పట్లు కొట్టారు. వదిన మాత్రం “రెండు మొహాలవాళ్లని నేను నమ్మను” అని తేల్చేసింది.

ఆ చక్రం కట్టడానికి ఇంటిల్లిపాదీ కూర్చున్నారు. కూతురు పుల్లలు అందించింది, అల్లుడు బిగించి బెండు తీశాడు, కత్తెరమ్మ ఎడమవైపు సన్న రిమ్మును తీగతో తానే కట్టుకుంది, వదిన అందరికీ టీ పోస్తూ అందరి తప్పులూ ఎత్తిచూపింది. సాయంత్రానికి చక్రం ఎక్కింది. ముందు మొండి పక్క. తొక్కి చూశారు, రాయి తిరిగింది, కాళ్లు బిగబడితే నిలిచింది. భేష్!

“ఇప్పుడు తిప్పి బిగిద్దాం, సోమరి పక్క కూడా చూద్దాం” అన్నాడు అల్లుడు.

పానా పెట్టి నట్లు వదులు చేశాడు. చక్రం తీసి, తిప్పి, మళ్లీ పెట్టాడు. పెట్టినవాడు పెట్టినట్టే ఉండిపోయాడు. కూతురు వంగి చూసింది. కత్తెరమ్మ వంగి చూసింది.

చక్రాన్ని తిరగేస్తే, దానికి కట్టిన సన్న రిమ్ము కూడా తిరగబడుతుంది కదా! ఎడమవైపు ఉన్నది ఇప్పుడు కుడివైపుకొచ్చి, చైనుకి అడ్డంగా కూర్చుంది. పట్టా వేసే వైపేమో బోసిగా ఉంది.

పొద్దుటినుంచీ అంతమంది, అన్ని చేతులు, ఆ రిమ్మును పట్టుకుని, తీగ చుట్టి, మెచ్చుకుని... ఒక్కరికీ తోచలేదు.

“చొక్కా తిరగేసి తొడిగితే జేబు లోపలికి పోదూ?” అంది వదిన తీరిగ్గా. “ఆ మాత్రం తెలీదా?”

“నీకు తెలిస్తే పొద్దున్నే చెప్పొచ్చుగా అత్తా!” అని విరుచుకుపడింది కూతురు.

“నాకూ ఇప్పుడే తెలిసిందే.”

ముందు నవ్వింది కత్తెరమ్మే. తర్వాత అందరూ నవ్వారు, కడుపు పట్టుకుని. రెండు పక్కలా రిమ్ములు కడితేనో అంది కూతురు. చైనుకి రాసుకుంటుంది, చోటు లేదన్నాడు అల్లుడు. మోకాలి సంగతి తెలిసీ మొండి పక్కతో గుట్ట దిగమని ఎవరూ అనలేదు. నవ్వు అయిపోయాక, మాటంటే మాటే అన్నది తానే గనక, కత్తెరమ్మ లేచి వెళ్లి ఆ మూల ఎంత వెడల్పుందో ఊరికే చూసొచ్చింది.

మోటారు వచ్చింది. కుర్చీ వచ్చింది. కుర్చీకి మెత్త కూడా కుట్టించాడు అల్లుడు, పాపం. కత్తెరమ్మ కూర్చుంది. మీట నొక్కితే రాయి ఝుమ్మని లేచేది. నెమ్మదిగా పోవడం దానికి తెలీదు. అంచు వేడెక్కి నీలం తిరిగేది. నీళ్లు చిమ్మి, ఆపి, చల్లార్చి, మళ్లీ మొదలెట్టి... ఒక్కో కత్తికీ తిట్టుకుంటూనే ఉండేది. వచ్చినవాళ్లు కత్తి ఇచ్చి, పదునయ్యాక పట్టుకుపోయేవాళ్లు. ఎవరూ స్టూలు వేయరు, కబురు చెప్పరు. తన మూలన తానే చుట్టంలా ఉంది. సాయంత్రం ఇంటికి వెళ్తే మోకాలు నొప్పి లేదు. ఆ సంగతి ఎవరితోనూ అనలేదు, అంటే మోటారు గెలిచినట్టవుతుందని.

ఒకరోజు కొట్టుకి వెళ్లలేదు. ఒంట్లో నలతగా ఉందని చెప్పి పంపి, పెరట్లో తన పాత సైకిల్‌కే స్టాండు వేసుకుంది. దానికి ఆ రెండు మొహాల హబ్, మొండి పక్కే బిగించి ఉంది. ఇంట్లో ఉన్న కత్తెరలన్నీ తెచ్చుకుని, పదునున్నవాటికి కూడా పదును పెడుతూ కూర్చుంది. వదిన పక్కనే పీట మీద కూర్చుని బఠాణీలు ఒలుస్తోంది. పీట పొట్టిది, వదినా పొట్టిదే. ఆమె కళ్లకి సరిగ్గా ఎదురుగా పెడళ్లు.

“మరదలా, నువ్వు రాయిని వెనక్కి తిప్పుతానంటావు చూడూ...”

“ఆఁ, తిప్పాలి. కత్తెరకి తిప్పాలి.”

“ఎప్పుడు తిప్పుతావు?”

“ఇప్పుడు తిప్పలా?”

“లేదే. ఇందాకటినుంచీ చూస్తున్నా. ముందుకి తొక్కుతావు, ఆపుతావు. ముందుకి తొక్కుతావు, ఆపుతావు. వెనక్కెక్కడ?”

“నీ కళ్లు మసకలేసుంటాయి.”

“నా కళ్లు మసకలేస్తే బఠాణీల్లో పురుగులు నువ్వే తింటావు ఈ పూట. వెనక్కి తిప్పట్లేదు నువ్వు.”

“ఇన్నేళ్లుగా నా కాళ్లతో నేను తొక్కుతున్నా. నాకు తెలీదా?”

“నీ గురక నీకు వినిపిస్తుందా?”

ఇక ఆగేది లేదు. పంతం పంతమే. వదిన లేచి తన జాకెట్టు గుడ్డలోంచి ఎర్ర పీలిక ఒకటి చింపి చక్రం పుల్లకి కట్టింది. కత్తెరమ్మ కత్తెర తీసుకుని తొక్కింది. ఎర్ర పీలిక ముందుకి తిరిగింది, తిరిగింది, కొస దగ్గర నిలిచింది. కత్తెర రెండో అలుగు పెట్టింది. ముందుకి, ముందుకి, నిలిచింది. కత్తెర మార్చింది. చిన్నది, పెద్దది, గోళ్లు కత్తిరించేది. పీలిక ఒక్కసారీ వెనక్కి పోలేదు. ఆగేటప్పుడు కాళ్లు వెనక్కి నొక్కుతోంది, అంతే. ఆ నొక్కుడినే ఆమె ఇన్నేళ్లూ తిప్పడం అనుకుంది.

కత్తెరమ్మ సీటు మీద కూర్చున్నది కూర్చున్నట్టే తన పాదాల వైపు చూసుకుంది, ఎవరో కొత్తవాళ్లవి అన్నట్టు.

“దొంగముండలు!” అంది చివరికి. “నా కాళ్లే నాకు అబద్ధం చెప్పాయి వదినా!”

“నీ కాళ్లు ఏం చెప్పలేదు, నీ నోరే చెప్పింది. లోకానికంతా చెప్పింది” అని మళ్లీ బఠాణీల్లో పడింది వదిన. రెండు గింజలు ఒలిచాక తనే అంది, “అయితే నీకు కావాల్సింది వెనక్కి తిరిగేది కాదుగా. వెనక్కి నొక్కితే ఆగేది.”

నలతా లేదు గిలతా లేదు. ఇద్దరూ అప్పటికప్పుడు కొట్టుకి బయల్దేరారు, బఠాణీల గిన్నెతో సహా.

“అల్లుడూ, తొక్కకపోతే ఊరుకోవాలి, వెనక్కి నొక్కితే ఆగాలి. అలాంటి హబ్ ఉందా లోకంలో?”

అల్లుడు ఏదో చక్రానికి బెండు తీస్తున్నాడు. ఆ మాట వినగానే చెయ్యి ఆగింది. గుడ్డ తీసుకుని చేతులు తుడుచుకున్నాడు. తుడిచిన చేతుల్నే మళ్లీ తుడిచాడు. అతని పెళ్లాం కదా, ఆ తుడవడం ఏంటో కూతురికి తెలుసు.

“ఏమండీ. ఉందా?”

“ఉంది.”

“ఎక్కడ?”

అతను తలెత్తి అటక వైపు చూశాడు.

“మన అటక మీదా! మరి ముందే చెప్పలేదేం?”

“అత్తయ్య వెనక్కి తిప్పాలన్నారుగా. దాంతో వెనక్కి తిరగదు...” అని నసిగాడు. తర్వాత నిజం చెప్పాడు. “అసలు అడిగుండాల్సింది. నిజంగా తిప్పాలా, ఆగితే చాలా అని. అడిగితే ఆగితే చాలంటారేమోనని అడగలేదు. ఆ పగిలిన హబ్ చూసిన రోజు నుంచీ నాకు నిద్ర లేదు. మూలన కూర్చుంటే కళ్లెదుట ఉంటారు అనుకున్నా.”

కత్తెరమ్మ కోప్పడదామనుకుంది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కానీ మెత్త కుట్టించిన ఆ కుర్చీ కళ్లబడింది.

“మెత్త బాగా కుట్టించావు నాయనా. ఇప్పుడు అటకెక్కు” అంది.

అటక మీంచి దుమ్ము పట్టిన అట్టపెట్టె దిగింది. లోపల బొద్దుగా, మామూలు హబ్ కంటే లావుగా ఒక హబ్. ఒకప్పుడు రొట్టెల బండి సైకిల్‌కి తెప్పించాడట, బేకరీవాడు మనసు మార్చుకున్నాడట. దాని పక్కనుంచి చిన్న ఇనుప చెయ్యి ఒకటి బయటికి వచ్చి ఉంది. ఆ చేతిని సైకిల్ ఫ్రేముకి క్లిప్పుతో గట్టిగా బిగించాలి, లేకపోతే నొక్కినప్పుడు చక్రం ఆగడానికి బదులు చెయ్యి తిరుగుతుందని చెప్పాడు అల్లుడు. చక్రం రిమ్ముకి ఎన్ని కన్నాలో దీనికీ అన్నే. లోపల పాత గ్రీజు కడిగి కొత్తది పెట్టాడు. ఈసారి సన్న రిమ్ము కట్టే ముందు వదిన అందర్నీ ఆపి, “ఇది తిరగేసి పెట్టే రకం కాదుగా?” అని అడిగి మరీ కట్టనిచ్చింది.

క్లిప్పు స్క్రూ బిగించాక అల్లుడు మళ్లీ బిగించాడు. కాసేపటికి వచ్చి ఇంకోసారి బిగించాడు.

“గుట్ట మొత్తం కాలి బ్రేకు మీదే దిగకండి అత్తయ్యా, హబ్ కాలిపోతుంది. చేతి బ్రేకు కూడా వాడండి.”

“సరే.”

“మలుపు దగ్గర...”

“సరే నాయనా, సరే! ఇంకో మాటంటే నిన్నూ వెనక కూర్చోబెట్టుకుపోతా.”

మర్నాడు గుట్ట మీద ఆమె కాళ్లు నిలబెడితే సైకిల్ జారింది. టికటిక కూడా లేదు, పట్టు మీద పట్టు జారినట్టు. కొంచెం వెనక్కి నొక్కింది. పెద్ద కుక్క మాట విన్నట్టు నెమ్మదించింది. వదలగానే మళ్లీ పోయింది.

దర్జీ ఆమెను చూసి లేవలేదు. కాజాలు తీస్తూనే, పాత తుప్పు కత్తెర ఒకటి కాలితో ముందుకి జరిపాడు. “ముందు ఇది పట్టు.”

కత్తెరమ్మ మారుమాటాడకుండా పట్టింది. అతను దాని కొసను గుడ్డలో గుచ్చి చూశాడు. సొరుగులోంచి ఇంకోటి తీసిచ్చాడు, కాజాలు తీసేది. అదీ గుచ్చి చూశాడు. అప్పుడు గోడకి తగిలించి ఉన్న పెద్ద కత్తెర వైపు ఆమె చూడలేదు, అతనూ చూడలేదు. చివరికి విసుగ్గా లేచి దాన్ని దించాడు.

“కొస ఇంకా పూర్తిగా రాలేదక్కా. నువ్వు పోగొట్టిందే. నువ్వే తెచ్చిపెట్టు.”

పట్టా బిగిసింది. రాయి లేచింది. అంచు వెంట సన్నటి నిప్పురవ్వలు రాలుతూ వచ్చాయి. అలుగు నడుమ దాటింది, కొసకి వస్తోంది. దర్జీ కాజా సూది గాల్లోనే ఆపాడు. కత్తెరమ్మ పాదాలు వెనక్కి నొక్కాయి.

రాయి నిలిచింది. వీధిలో ఎక్కడో మిషను ఒక్కటే వినిపిస్తోంది.

దర్జీ కత్తెర తీసుకుని, నాలుగు మడతలేసిన గుడ్డ మూలలో కొస పెట్టి నొక్కాడు. వెన్నలో దిగినట్టు దిగింది. లోపలికి తిరిగి, “అక్కకి టీ పెట్టవే! అలాగే ఆ స్టూలు ఇటు జరపండి” అని కేకేశాడు. పక్క కొట్టు గుమ్మంలోంచి రెండు కత్తెరలు బయటికి వచ్చాయి.

ఆ కత్తెరలయ్యేసరికి, కిందటి వారాల కబుర్లు అందుకునేసరికి పొద్దు వాలింది. తిరుగు దారిలో గుట్ట పైకి నెట్టుకొచ్చి, ఊపిరి తీసుకుని కిందికి చూసింది. మలుపు దగ్గర ఎవరో నిలబడి ఉన్నారు. చేతిలో పానా, కళ్లు నేల మీద, ఏదో పారేసుకుని వెతుక్కుంటున్నట్టు.

కత్తెరమ్మ సీటెక్కింది. కాళ్లు నిలబెట్టి జారింది. నీళ్ల డబ్బా, రాయి, ఆకురాళ్లు గలగలమని కూత పెట్టాయి. ఆ చప్పుడుకి ఆ మనిషి తలెత్తి చూసి, దొరికిపోయినట్టు మళ్లీ నేల మీదికి వంగాడు.

“పక్కకి జరుగు అల్లుడూ!”

అతను జరగలేదు, చూస్తూ ఉండిపోయాడు. ఆమె వెనక్కి నొక్కింది. సైకిల్ అతనికి జానెడు దూరంలో నిలబడింది.

“ఏం పోయింది నాయనా, వెతుకుతున్నావు?”

“ఒక నట్టు అత్తయ్యా.”

“దొరికిందా?”

అతను ఆమెనీ చక్రాన్నీ, క్లిప్పునీ చూశాడు. “దొరికింది” అన్నాడు.

“అయితే నడు. దారిలో ఒక మాట. ఆ మూలన కుర్చీ తీసేయకు. వానొచ్చిన రోజు వచ్చి కూర్చుంటా. ఆ మోటారు మాత్రం ఎవరికైనా ఇచ్చెయ్. దానికి ఆగడం రాదు.”